ఎంఎస్ ఇంజెక్షన్లు ఇంట్లోనే వేసుకోవడం ఎలా: మన ఎండలు, కరెంటు కోతలు, పండగల మధ్య

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలిన రోజు డాక్టర్ చెప్పే మాటలు సగం చెవికెక్కవు. ఇంటికొచ్చాక చేతిలో మిగిలేవి ఎంఆర్‌ఐ ఫిల్ములు, ఇంజెక్షన్ల డబ్బా. ఆ డబ్బాతో ఏం చేయాలో వరుసగా చెబుతాను. నేను హన్మకొండలో ఉంటాను, ఏళ్లుగా ఈ సూదులు వేసుకుంటున్నాను. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ న్యూరాలజిస్టు చెప్పాలి. దాన్ని మన ఇంట్లో ఏడాది పొడుగునా ఆగకుండా ఎలా నడుపుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది, కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిది. మన శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఆ పొరను దెబ్బతీయడాన్ని ఎంఎస్ అంటారు. ఇంజెక్షన్ ఆ దాడులు తరచూ రాకుండా తగ్గిస్తుంది. పోయిన బలాన్ని వెనక్కి తేదు. అందుకే వేసుకున్న మర్నాడు ఏ హాయీ తెలియదు. "బాగానే ఉన్నా కదా, ఇంకెందుకు" అనిపించే నెలల్లోనే చాలామంది మానేస్తారు. నేను చూసినంతలో మన దగ్గర సూది నొప్పికి భయపడి మానేసేవాళ్లు తక్కువ. ఫ్రిజ్ చెడిపోయో, పార్సిల్ రాకో, పెళ్లికి ఊరెళ్లో, డబ్బు సర్దుబాటు కాకో ఆగిపోతుంది. వీటిలో చాలా వాటికి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

1. మీ మందు ఏదో, ఎన్ని రోజులకు ఒకసారో ఇంట్లో అందరికీ కనపడేలా రాయండి

ఎంఎస్ ఇంజెక్షన్లు అన్నీ ఒకటి కావు. ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎ లో వారానికి ఒకసారి కండలోకి వేసేది ఒకటి, వారానికి మూడుసార్లు చర్మం కిందికి వేసేది ఇంకొకటి. బీటా-1బి రోజు విడిచి రోజు. పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్ రెండు వారాలకోసారి. గ్లాటిరమర్ 20 మిల్లీగ్రాములైతే రోజూ, 40 అయితే వారానికి మూడుసార్లు. ఆఫటుముమాబ్ మొదట వారానికొకటి చొప్పున మూడు వేసి, ఒక వారం ఆగి, అక్కడినుంచి నెలకొకటి. పక్కింటి వాళ్ల బంధువుకు కూడా ఎంఎస్ అని తెలిస్తే పోల్చుకోవాలనిపిస్తుంది, కానీ వాళ్ల లెక్క మీకు పనికిరాదు.

మొదలుపెట్టే ముందు చేయాల్సిన పరీక్షలు కూడా మందును బట్టి మారతాయి. ఇంటర్‌ఫెరాన్ అయితే రక్తకణాలు, కాలేయం పరీక్షలు ముందు ఒకసారి, తర్వాత 1, 3, 6 నెలలకు, ఆపైన డాక్టర్ చెప్పినప్పుడల్లా. ఆఫటుముమాబ్‌కు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. వేసుకోవాల్సిన టీకాలు కూడా ముందే పూర్తిచేయాలి: లైవ్ టీకాలైతే (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి) కనీసం 4 వారాల ముందు, మిగతావి వీలైతే 2 వారాల ముందు. ఈ మాట డాక్టర్ ఎత్తకపోతే మీరే అడగండి.

2. ఫ్రిజ్‌లో దానికంటూ ఒక చోటు చూడండి

ఈ మందులు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకే తలుపు ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ కిందనే ఉండే ట్రేలో పెట్టకండి, అక్కడ గడ్డకడుతుంది. వెనక గోడకు ఆనించినా అంతే. తలుపు అరలో పెడితే తీసిన ప్రతిసారీ వేడి తగులుతుంది. మధ్య అరలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, మందు అట్టపెట్టెతో సహా పెట్టండి, వెలుతురు కూడా తగలకూడదు. పక్కన చిన్న థర్మామీటర్ ఉంచండి. ఒక్కసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఎంత ఖరీదైనదైనా పారేయాల్సిందే.

గ్లాటిరమర్‌ను 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఒక నెల దాకా బయట ఉంచవచ్చని కంపెనీ కాగితంలో ఉంటుంది. దాన్ని చూసి ధైర్యపడేవాళ్లకు ఒక మాట. మార్చి దాటితే వరంగల్‌లో, కరీంనగర్‌లో గది లోపల 30 డిగ్రీలు ఎప్పుడుంటుంది? రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో బయట 45 దాకా వెళ్తుంది, రేకుల ఇంట్లో రాత్రి కూడా చల్లబడదు. కాబట్టి ఆ వెసులుబాటు మనకు చలికాలంలోనే వర్తిస్తుంది. ఎండాకాలంలో ఫ్రిజ్ తప్ప వేరే దారి లేదు.

కరెంటు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వచ్చిందంటే ఊళ్లల్లో స్తంభాలు పడిపోయి రాత్రంతా కరెంటు ఉండదు. ఫ్రిజ్ ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు నింపి పెట్టండి, కరెంటు పోయాక ఆ చల్లదనం కాసేపు కాపాడుతుంది. పోయిన వెంటనే టైమ్ రాసుకోండి, తలుపు తీయకండి. మూడు నాలుగు గంటలు దాటేలా ఉంటే ఐస్ ప్యాక్‌తో థర్మాకోల్ డబ్బాలోకి మార్చండి. ఐస్ ప్యాక్‌కూ మందుకూ మధ్య మందపాటి తువ్వాల ఉండాలి. అదీ కుదరకపోతే తడిగుడ్డ చుట్టిన రంజన్‌లో (మట్టి కుండ), మందుకు నీళ్లు తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టి, నీడలో ఉంచవచ్చు. అది గది కంటే చల్లగా ఉంచుతుందే తప్ప 8 డిగ్రీలకు దించదు, ఫ్రిజ్‌కు సాటి రాదు. ఎంతసేపు బయట ఉందో మందు కంపెనీ హెల్ప్‌లైన్‌కు గానీ డాక్టర్‌కు గానీ చెప్పి, వాడొచ్చో లేదో తేల్చుకున్నాకే వేసుకోండి. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు వీధిలో ఎవరిదో కనుక్కొని, అవసరమైతే మందు పెట్టుకుంటామని మామూలు రోజుల్లోనే అడిగి ఉంచండి.

3. అయిపోయే దాకా ఆగకుండా తెప్పించుకోండి

ఈ ఇంజెక్షన్లు చౌరస్తాలోని మెడికల్ షాపులో అడిగితే వెంటనే దొరకవు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తారు. చివరి విడత పెట్టె తెరిచిన రోజే తర్వాతి దానికి ఆర్డర్ చెప్పండి. దసరా, సంక్రాంతి వారాల్లో డిస్ట్రిబ్యూటర్లు మూసేస్తారు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే ఆర్టీసీ బస్సులు చాలావరకు అటే తిరుగుతాయి, మామూలు రూట్లు పలచబడతాయి. ఆ నెలలో పది రోజులు ముందుగానే తెప్పించుకోవాలి.

పార్సిల్ బస్సులో వస్తుంటే దిగే టైమ్ కనుక్కొని ఎవరినైనా బస్టాండుకు పంపండి, కార్గో కౌంటర్‌లో మధ్యాహ్నమంతా పడి ఉండనివ్వకండి. చేతికి రాగానే విప్పి చూడండి: ఐస్ ప్యాక్ ఇంకా చల్లగా ఉందా, ఎక్స్‌పైరీ ఎప్పుడు, బ్యాచ్ నంబరు బిల్లులో ఉందా. ప్యాక్ వేడెక్కి ఉంటే ఫోటో తీసి అప్పుడే షాపుకు ఫోన్ చేయండి. మర్నాడు చెబితే ఎవరూ ఒప్పుకోరు.

4. సూది వేసుకునే పద్ధతి

మొదటి రెండు మూడు సార్లు ఆస్పత్రిలో నర్సు ముందు మీ చేత్తోనే వేసుకొని చూపించండి. ఆ తర్వాత ఇంట్లో ఇలా:

ఫ్రిజ్‌లోంచి తీసి సుమారు అరగంట గదిలో ఉంచండి. చల్లటి మందు ఎక్కువ మంట పుట్టిస్తుంది. వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం వద్దు. మే నెలలో అరగంట కంటే ఎక్కువసేపు మరిచిపోకండి. రంగు మారిందా, నలకలున్నాయా వెలుతురులో చూడండి. గ్లాటిరమర్ సిరంజిలో చిన్న గాలి బుడగ కనిపిస్తే దాన్ని తీయబోవద్దు, మందు కూడా బయటికి పోతుంది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. స్పిరిట్ దూదితో చర్మం తుడిచి, ఆరే దాకా ఆగండి. తడిగా ఉండగా గుచ్చితేనే చురుక్కుమంటుంది. కూర్చొని వేసుకోండి, కాలు వదులుగా ఉండాలి.

చర్మం కిందికి వేసే మందైతే తొడ ముందు భాగం, పొట్ట (బొడ్డు చుట్టూ 5 సెంటీమీటర్లు వదిలి), జబ్బ వెనక, పిరుదు పైభాగం. కండలోకి వేసేదైతే తొడ బయటి వైపు లేదా జబ్బ. మన ఆడవాళ్లకు ఏ కాగితంలోనూ కనపడని ఒక జాగ్రత్త: లంగా నాడా, సల్వార్ నాడా బిగించే గీత మీద వేసుకోవద్దు. రోజంతా ఒరుసుకొని ఎర్రగా కందిపోతుంది. మగవాళ్లకు బెల్టు దగ్గర అంతే.

వేసిన చోటే మళ్లీ మళ్లీ వేస్తే గట్టిపడుతుంది, కొన్ని మందులతో చర్మం కింది కొవ్వు కరిగి గుంట పడుతుంది. గ్లాటిరమర్‌తో పడిన గుంట తిరిగి నిండకపోవచ్చు. కాబట్టి చోటు మార్చడం సూది వేసుకోవడమంత ముఖ్యం. దీనికి యాప్‌లు కూడా ఉన్నాయి, నాకు మాత్రం వంటింటి గోడకున్న క్యాలెండరే నచ్చింది. తేదీ గడిలో కు.తొ, ఎ.తొ, కు.పొ, ఎ.పొ అని రాస్తాను: కుడి తొడ, ఎడమ తొడ, కుడి పొట్ట, ఎడమ పొట్ట. వేసుకున్నానా లేదా అన్న అనుమానం కూడా తీరిపోతుంది. మర్చిపోవడం ఈ జబ్బులో మామూలే, అందుకు మనల్ని మనం తిట్టుకోనక్కర్లేదు.

సూది తీశాక దూదితో కాసేపు అదిమి పట్టండి. గ్లాటిరమర్ వేసిన చోట రుద్దకూడదు. ఎరుపు, దురద, చిన్న గడ్డ రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. నల్లగా, నీలంగా మారినా, పుండు పడి రసి కారినా ఆ వైపు మళ్లీ వేయకుండా డాక్టర్‌కు చూపించండి.

చేతులకు తిమ్మిర్లున్నా, చూపు మసకగా ఉన్నా ఆటో-ఇంజెక్టర్ (నొక్కితే తనే సూది దించే పరికరం) అడగండి. ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పి ఉంచండి. ఊళ్లో ఆర్ఎంపీతో వేయించుకునేవాళ్లు ఉన్నారు. అలాగైతే చర్మం కిందికా, కండలోకా అన్నది కాగితం మీద రాసిచ్చి, కంపెనీ సిరంజి తప్ప వేరేది వాడనివ్వకండి.

ఒక డోసు తప్పితే? రెండూ కలిపి వేసుకోవద్దు. వారానికి మూడుసార్ల ఇంటర్‌ఫెరాన్‌లో ఏ రెండు డోసుల మధ్యనైనా కనీసం 48 గంటలుండాలి. మిగతా మందులకు డాక్టర్‌ను అడిగి, ఆ జవాబును పెట్టె మూత మీదే రాసుకోండి.

వాడిన సూదులు చెత్త బండిలో వేయకండి. మున్సిపాలిటీ అక్కలు, అన్నలు చేత్తోనే చెత్త వేరు చేస్తారు, అవి వాళ్ల వేళ్లలో దిగుతాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ఫినాయిల్ డబ్బా అయినా సరే, వేసి బిగించి ఉంచండి. ముప్పావు నిండగానే మీరు చూపించుకునే ఆస్పత్రిలో ఇవ్వండి.

5. వేసుకున్నాక వచ్చే జ్వరం, అదురు

ఇంటర్‌ఫెరాన్ అయితే కొన్ని గంటల్లో చలి, ఒళ్లునొప్పులు, జ్వరం వస్తాయి. ఎక్కువమందికి మొదటి కొన్ని నెలల్లో ఇవి తగ్గిపోతాయి. రాత్రి భోజనం చేసి వేసుకుంటే సగం నిద్రలో గడిచిపోతుంది. పారాసిటమాల్ ఎంత, ఎప్పుడు అన్నది ముందే రాయించుకోండి. మర్నాడు పని ఎక్కువగా లేని రోజు ఎంచుకోండి. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులు సాయంత్రం ఇంజెక్షన్ అంటే బాధగా ఉంటుంది. ఆట అయ్యి ఇంటికొచ్చాక వేసుకోవచ్చు, కొన్ని గంటలు అటూ ఇటూ అయితే నష్టం లేదు. ఆడకుండా ఇంట్లో కూర్చోకండి.

గ్లాటిరమర్‌తో కొందరికి సూది తీసిన నిమిషాల్లోనే ముఖం వేడెక్కడం, ఛాతీ బిగుసుకోవడం, గుండె దడ వస్తాయి. సాధారణంగా 15 నుంచి 30 నిమిషాల్లో వాటంతట అవే తగ్గుతాయి. కానీ అరుదుగా ప్రాణం మీదికి వచ్చే అలర్జీ కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవాళ్లకూ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో ఈ మందుకు పెద్ద హెచ్చరిక జోడించింది. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు గానీ గొంతు గానీ వాపు, ఊపిరి ఇంకా కష్టమవడం, కళ్లు తిరగడం కనిపిస్తే తగ్గుతుందేమో అని కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. అందుకే సూది వేసుకున్న అరగంట ఇంట్లో ఒక మనిషి ఉండటం మంచిది.

వానాకాలం జ్వరాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జూలై నుంచి అక్టోబరు దాకా మన దగ్గర డెంగీ, మలేరియా, టైఫాయిడ్, చికున్‌గున్యా అన్నీ తిరుగుతుంటాయి. ఇంటర్‌ఫెరాన్ వాడేవాళ్లు ప్రతి జ్వరాన్నీ "సూది జ్వరమే" అనుకొని ఊరుకుంటారు. సూది జ్వరం అదే రాత్రి వచ్చి మర్నాటికి దిగిపోతుంది. ఒక రోజు దాటినా ఉందంటే రక్తపరీక్ష చేయించాలి. ఇంటర్‌ఫెరాన్ తెల్లకణాలనూ ప్లేట్‌లెట్లనూ కొంత తగ్గించగలదు, డెంగీ కూడా తగ్గిస్తుంది. జ్వరం చూసే డాక్టర్‌కు ఈ మందు సంగతి, మీ పాత రిపోర్టులో ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో రెండూ చెప్పండి. డెంగీ కాదని తేలే దాకా డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దనండి. జ్వరం ఉండగా తర్వాతి డోసు వేసుకోవాలా ఆపాలా అన్నది న్యూరాలజిస్టుకు ఫోన్ చేసి అడగండి. ఆఫటుముమాబ్ వాడేవాళ్లు ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

ఇంకొకటి. ఇమ్యూనిటీ పెరుగుతుందని ఎవరో ఒకరు తిప్పతీగ కషాయం తెచ్చిస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ మన జబ్బే రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చింది. పైగా తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి, ఇంటర్‌ఫెరాన్‌కూ కాలేయం మీద భారం ఉంది. మర్యాదగా వద్దనండి.

మనసు మరీ కుంగిపోయినట్టు, బతకాలని లేనట్టు అనిపిస్తే దాన్ని జబ్బు తెచ్చిన దిగులని సరిపెట్టుకోకండి. ఇంటర్‌ఫెరాన్‌తో కూడా అలా కావచ్చు. ఇంట్లో ఎవరికైనా చెప్పి, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. మందు మార్చే వీలుంటుంది.

6. ఎండకు బలం పోతే భయపడకండి, కానీ తేడా గుర్తుపట్టండి

ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు ఇంకా మందగిస్తాయి. చూపు మసకబారుతుంది, కాళ్లు తడబడతాయి. చల్లబడగానే తిరిగి వస్తాయి. దీన్ని 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ వివరించాడు. ఇది కొత్త దాడి కాదు. బయటి పనులు పొద్దున తొమ్మిదిలోపు ముగించుకోండి, మెడ చుట్టూ తడి తువ్వాల వేసుకోండి, చల్లటి మజ్జిగ దగ్గరుంచుకోండి, వేడినీళ్ల స్నానం మానేయండి. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడే పనిని ఇంట్లో పంచుకోండి. కోడలు మధ్యాహ్నం పడుకుంటే బద్ధకం అనే ఇళ్లున్నాయి. ఎంఎస్‌లో అలసట జబ్బులో భాగమని అత్తమామలకు డాక్టర్ చేతనే ఒకసారి చెప్పించండి.

నిజమైన రిలాప్స్ (కొత్త దాడి) ఎలా ఉంటుందంటే: కొత్త లక్షణం గానీ, పాతది బాగా పెరగడం గానీ, 24 గంటలకు పైగా ఆగకుండా ఉంటుంది, జ్వరం, ఇన్ఫెక్షన్ ఏవీ లేకుండా. ముందు మూత్రం పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే పాత లక్షణాలన్నీ పైకి లేచి రిలాప్స్ లాగే కనపడతాయి. రిలాప్స్ అని తేలితే సాధారణంగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కిస్తారు. షుగరు, బీపీ చూస్తూ ఆస్పత్రిలో చేయాల్సిన పని ఇది. నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజు బాటిల్ పెట్టించుకొని రెండు మూడు రోజులు పోగొట్టుకోవద్దు.

7. ప్రయాణం, ఆస్పత్రి, కాగితాలు

హైదరాబాద్‌లో చూపించుకునేవాళ్లు కాజీపేట, వరంగల్ నుంచి పొద్దుటి రైలు ఎక్కితే మెట్లు, ఎండ రెండూ తగ్గుతాయి. నిమ్స్ ఆస్పత్రి ఓపీలో వరుసలో నిలబడటానికి తోడు ఒకరు ఉండాలి, మీరు కూర్చోవాలి. మందు వెంట తీసుకెళ్తే కూలింగ్ పౌచ్‌లో పెట్టి చేతి సంచిలోనే ఉంచుకోండి. బస్సు డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో వద్దు.

ప్రతిసారీ అంత దూరం వెళ్లనక్కర్లేదు. రక్తపరీక్షలు ఇక్కడే చేయించి రిపోర్టు పంపొచ్చు. జ్వరానికో, అత్యవసరానికో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే చూపించడానికి జబ్బు పేరు, మందు పేరు, చివరి డోసు తేదీ, న్యూరాలజిస్టు ఫోన్ నంబరు రాసిన కాగితం పర్సులో ఉండాలి.

జబ్బు సంగతి ఊరంతా చెప్పక్కర్లేదు. పెళ్లి కాని ఆడపిల్లల ఇళ్లల్లో దాచడం ఎక్కువ, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాచడం కోసం మందు ఫ్రిజ్ బయట పెట్టడం, చుట్టాలున్న వారం డోసు ఎగ్గొట్టడం మాత్రం చేయొద్దు. డబ్బా చూసి ఎవరైనా "షుగరా?" అని అడిగితే ఏం చెప్పాలో మీ ఇష్టం. పెళ్లి చేసుకోబోయే మనిషికి మాత్రం ముందే చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. ఎంఎస్ ఉన్నవాళ్లు పిల్లల్ని కంటున్నారు, పెంచుతున్నారు. ఏ మందు కొనసాగించాలో, ఏది ఎప్పుడు ఆపాలో గర్భానికి ముందే న్యూరాలజిస్టుతో మాట్లాడుకోవాలి.

డబ్బు విషయం. కంపెనీల పేషెంట్ సాయం పథకాలు ఉంటాయి, డాక్టర్ సంతకంతో అప్లై చేయాలి. సింగరేణి, ఆర్టీసీ, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలు తమ ఆస్పత్రి రిఫరల్‌లో ఈ మందు వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగాలి. 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. మందు ఖరీదుకు దారులు, తోటివాళ్ల పరిచయం రెండింటి కోసమూ ఫోన్ చేయవచ్చు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం అని ధ్రువీకరిస్తే చాలా సదుపాయాలకు అర్హత వస్తుంది. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో అప్లై చేసుకొని, పిలిచిన రోజు వైకల్యాన్ని ధ్రువీకరించే క్యాంపుకు వెళ్లాలి. మన జబ్బు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. క్యాంపు రోజున మీరు బాగా నడవగలిగితే అదే రాసేస్తారు. అందుకని ఎంఆర్‌ఐ రిపోర్టులు, డిశ్చార్జి కాగితాలు, నడక, మూత్రం, చూపు ఇబ్బందులు ఎంత తరచుగా వస్తాయో న్యూరాలజిస్టు రాసిచ్చిన లెటరు, అన్నీ జిరాక్సు తీసి పట్టుకెళ్లండి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే దాని గడువు తేదీని క్యాలెండర్లో రాసుకొని, రెండు నెలల ముందే మళ్లీ అప్లై చేసుకోండి.